మందిరానికి వచ్చిన కొత్తవారికి చోటివ్వండి, పనివ్వండి: పట్టణ సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి పట్టణాల్లోని సంఘ కాపరులకు, పాస్టరేట్ కమిటీ సభ్యులకు, స్త్రీల మైత్రి, యూత్ నాయకులకు వందనాలు.

మీలాంటి సంఘాల్లోనే గుమ్మం దగ్గర నిలబడేవాళ్ళం, రిజిస్టర్ రాసేవాళ్ళం, గృహకూడికలు నడిపేవాళ్ళం కొందరం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. చదువుకో ఉద్యోగానికో కూలిపనికో పట్నం వచ్చి మన మందిరంలో కూర్చుంటున్నవారిలో చాలామంది కొన్ని నెలలు వస్తారు, తర్వాత కనబడరు. వాళ్ళు రావడం మానేశారన్న సంగతి క్రిస్మస్ కేరల్స్‌కు (ఇంటింటికీ వెళ్ళి పాటలు పాడటానికి) ఇళ్ళ లిస్టు రాసేటప్పుడు గాని మనకు తెలియదు. ప్రసంగం నచ్చకో పాటలు నచ్చకో మానేసిన వాళ్ళు తక్కువే. వాళ్ళు రాకపోతే ఆగిపోయే పనేదీ వాళ్ళ చేతిలో లేదు, "పోయిన ఆదివారం రాలేదేం?" అని అడిగే మనిషీ లేడు. మేం చూసినంతలో అసలు కారణం ఇదే.

1910లో ఎడిన్‌బరోలో జరిగిన మిషనరీ మహాసభలో వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు మాట్లాడారు. అప్పటికి ఆయన దోర్నకల్‌లో పనిచేస్తున్న యువ గురువు. రెండేళ్ళ తర్వాత, 1912 డిసెంబరు 29న, దోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొందారు. ఆ సభలో విదేశీ మిషనరీల ఎదుట నిలబడి, మీ ఆస్తులిచ్చారు, మీ శరీరాలనే ఇచ్చారు, మేం ప్రేమను కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నారు. ఇవాళ మన వెనక బెంచీలో కూర్చుని ఆశీర్వాదం కాగానే చెప్పులేసుకుని వెళ్ళిపోయే కుర్రాడికి కావలసిందీ అదే. పైకి అడగడు, అంతే తేడా.

ముందు గుమ్మం సంగతి. ఆరాధన తొమ్మిదింటికైతే ఎనిమిది నలభైకల్లా ఇద్దరు అక్కడ ఉండాలి. ఒకరు పెద్దావిడ, ఒకరు యూత్ నుంచి అయితే మంచిది. నెలకోసారి మనుషులు మారాలి. ఏడాదంతా ఒకరే నిలబడితే అది ఆయన పదవి అయిపోతుంది. ఆ ఇద్దరూ తమలో తాము కబుర్లాడుకుంటూ నిలబడితే అక్కడ ఎవరూ లేనట్టే. వాళ్ళ పని "వందనాలండీ" అనడంతో అయిపోదు. చెప్పులెక్కడ విడవాలో, ఆడవాళ్ళు ఒకవైపు మగవాళ్ళు ఒకవైపు కూర్చునే సంఘమైతే ఆ సంగతీ ముందే చెప్పాలి. భార్యాభర్తలు కలిసి ముందుకెళ్ళి కూర్చున్నాక లేపి అటు పంపడం కంటే పెద్ద అవమానం లేదు. చంటిబిడ్డ తల్లిని పక్క తలుపు దగ్గర, ఫ్యాను కింద కూర్చోబెట్టాలి. అన్నిటికంటే ముఖ్యం, కొత్త మనిషిని ఒంటరిగా వదలకుండా ఒక పాత మనిషి పక్కన కూర్చోబెట్టి, "వీరు ఫలానా" అని ఇద్దరికీ పరిచయం చేసి రావాలి.

మొదటి రోజు అడగాల్సినవి రెండే: పేరు, ఎక్కడ ఉంటున్నారు. ఫోను నంబరు వాళ్ళు ఇస్తే రాసుకోండి. "మీదే ఊరు? ఇంటిపేరేంటి? ఊళ్ళో ఏ పేట?" అన్న వరస మాత్రం మానుకోవాలి. మాల పల్లె, మాదిగ పల్లె విడివిడిగా ఉన్న ఊళ్ళ నుంచి వచ్చినవారికి ఆ వరస ఎక్కడికి పోతుందో రెండో ప్రశ్నకే తెలిసిపోతుంది. దళితేతర కులాల నుంచి వచ్చినవారికీ తెలుస్తుంది. కమిటీ ఎన్నికల్లో, పెళ్ళి సంబంధాల్లో ఈ లెక్క మన సంఘాల్లో ఇంకా నడుస్తోందని మీకూ తెలుసు, మాకూ తెలుసు. ప్రభువు బల్ల దగ్గర ఒకే రొట్టెలో పాలుపొంది, గుమ్మం దగ్గర కులం ఆరా తీయడం తప్పు. ఈ మాట ప్రసంగ వేదిక మీద చెప్పి వదిలేస్తే చాలదు. గుమ్మం దగ్గర నిలబడేవాళ్ళను కూర్చోబెట్టి, ఏమి అడగకూడదో విడమరచి చెప్పాలి.

ప్రకటనల్లో "కొత్తగా వచ్చినవారు లేచి నిలబడండి" అనడం కూడా మానండి. ప్రేమతోనే అంటారు, నిజమే. అయితే సిగ్గరి మనిషికి అది రెండోసారి రాకుండా ఉండటానికి చాలినంత కారణం. ఇంట్లో చెప్పకుండా వచ్చినవారూ ఉంటారు. అందుకే యూట్యూబ్‌లో లైవ్ పెట్టే సంఘాలు కెమెరాను వేదిక మీదే ఉంచాలి, జనం వైపు తిప్పకూడదు. ఒకరి ఫొటో వాట్సాప్ గ్రూపులో పెట్టాలంటే వాళ్ళను అడిగి పెట్టాలి. వద్దంటే కారణం అడగక్కర్లేదు.

ఆరాధన క్రమం మనకు కంఠతా వచ్చు కాబట్టి అది ఎంత కష్టమో మరచిపోయాం. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఆరాధనలో ఎప్పుడు లేవాలి, ఎప్పుడు మోకరించాలి, ఎక్కడ జవాబు చెప్పాలి అన్నది బాప్టిస్టు సంఘం నుంచి వచ్చినవారికి తెలియదు. ఏ4 కాగితం మధ్యకు మడిచి, పెద్ద అక్షరాల్లో ఆ రోజు క్రమం ముద్రించి ఇరవై ప్రతులు గుమ్మం దగ్గర ఉంచితే చాలు. కీర్తన నంబరు ఒక్కటే చెప్పి ఊరుకోకుండా మొదటి పంక్తి చదవండి. ఇంగ్లిషు మీడియంలో చదివి తెలుగు చదవలేని పిల్లలు తెరమీది అక్షరాలు చూస్తూ పెదవులు కదుపుతున్నారు. వాళ్ళ కోసం ఆ పాటే ఇంగ్లిషు అక్షరాల్లో కింద ఇంకో వరస వేయడానికి కంప్యూటరు దగ్గర కూర్చునే అబ్బాయికి పది నిమిషాలు పడుతుంది.

సంస్కార భోజనం (ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోవడం) ఉన్న ఆదివారం ఇంకొంచెం జాగ్రత్త కావాలి. ఎవరు ముందుకు రావచ్చో గురువుగారు బల్లకు ముందే, స్పష్టంగా, మెత్తగా చెప్పాలి. ఒక్కో సంఘం నియమం ఒక్కోలా ఉంటుంది. నిర్ధారణ (కన్ఫర్మేషన్, అంటే పెద్దయ్యాక తమ విశ్వాసాన్ని సంఘం ఎదుట ఒప్పుకోవడం) పొందినవారికే ఇచ్చేవారున్నారు, ముంచి ఇచ్చే బాప్తిస్మం పొందినవారికే ఇచ్చేవారున్నారు. నియమం మీ ఇష్టం. చెప్పకుండా ఉండటం మాత్రం తగదు. మోకరించిన మనిషిని దాటి పళ్ళెం ముందుకు పోతే ఆ మనిషి మళ్ళీ ఆ మందిరం గడప తొక్కడు. "ఇంకా పాలుపొందనివారు చేతులు గుండె మీద ఉంచి వచ్చి ఆశీర్వాదం పొందవచ్చు" అని ఒక్క మాట అంటే ఎవరూ బెంచీలో మిగిలిపోరు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు, దక్షిణ భారత ఐక్య సంఘాలు కలిసి సీఎస్ఐ అయ్యాయి. బిషప్పుల గురించీ అభిషేకాల గురించీ ఏళ్ళ తరబడి వాదించుకున్న వాళ్ళే చివరికి ఒక బల్ల దగ్గరికి వచ్చారు. ఆ సంఘం వారసులకు కొత్తవారికి ఒక్క వాక్యం చెప్పడం బరువు కాకూడదు.

ఆదివారం వచ్చిన మనిషికి మంగళవారం లోపు ఫోను వెళ్ళాలి. గురువుగారే చేయనక్కర్లేదు, పక్కన కూర్చున్నవారు చేస్తే ఇంకా మంచిది. పది రోజుల్లో ఇంటికి వెళ్ళండి, ముందు చెప్పి వెళ్ళండి. ఇద్దరే వెళ్ళాలి, ఒకరు స్త్రీ అయి ఉండాలి. అరగంటకు మించి కూర్చోకూడదు. హాస్టల్లోనో ఒక్క గదిలోనో ఉండేవారైతే "బయట టీ తాగుదాం" అనడం మర్యాద. మొదటి సందర్శనలో కానుక కవరు, దశమభాగం మాట ఎత్తకండి.

ఇక సభ్యత్వం. మనవాళ్ళను ఎక్కువగా దూరం చేసేది ఇదే. ఊరి సంఘం నుంచి బదిలీ ఉత్తరం తెమ్మంటాం. అక్కడ రెండు మూడేళ్ళ చందా బాకీ ఉంటుంది. కట్టందే ఉత్తరం ఇవ్వరు. పెళ్ళయిన ఆడపిల్ల పేరు పుట్టింటి సంఘంలో ఉంటుంది, అత్తవారి సంఘం రిజిస్టర్‌లో ఎక్కి ఉండదు. ఆ ఉత్తరం కోసం తిరగలేక ఏళ్ళ తరబడి "వచ్చిపోయేవారు"గానే మిగిలిపోతారు. పెళ్ళి ప్రకటనలు చదవాల్సి వచ్చినప్పుడో, బిడ్డకు బాప్తిస్మం ఇప్పించాల్సి వచ్చినప్పుడో తమ పేరు ఎక్కడా లేదని తెలుస్తుంది. దీనికి మందు కష్టమైనది కాదు. బాప్తిస్మం సర్టిఫికెట్ నకలు తీసుకోండి. అది లేకపోతే ఏ ఊళ్ళో, ఏ ఏడు, ఏ గురువు చేతుల మీద అన్నది రాసుకోండి. ఊరి గురువుగారికి ఉత్తరం మీ సెక్రటరీయే రాయాలి. రెండు నెలల్లో జవాబు రాకపోతే మీ కమిటీయే తీర్మానం చేసి చేర్చుకోవాలి. పాత బాకీ ఆ మనిషికీ ఆ సంఘానికీ మధ్య సంగతి. దాన్ని మనం వసూలు చేసిపెట్టనక్కర్లేదు. మీ మేత్రాసన (డయోసిస్, అంటే ఒక బిషప్ కింద ఉండే సంఘాల) నియమావళిలో దీనికి అడ్డు ఏదైనా ఉంటే గురువుగారు బిషప్ కార్యాలయాన్ని అడిగి తేల్చుకోవాలి. అంతవరకూ సభ్యుల పుస్తకంలో వెనక భాగాన "చేరబోతున్నవారు" అని ఒక పేజీ పెట్టి వాళ్ళ పేర్లు అందులో రాయండి. పేరు రాసి ఉన్న మనిషిని మరచిపోవడం కష్టం.

కృతజ్ఞత కానుకలు చదివేటప్పుడు ఎవరు ఎంత ఇచ్చారో చెప్పకండి. "ఫలానా కుటుంబం అయిదు వేలు" అన్నాక యాభై రూపాయలు కవరులో పెట్టిన మేస్త్రీ పనివాడు ఆ కవరు జేబులోనే ఉంచుకుంటాడు. పేరు, కారణం చదివితే చాలు. మూడు నెలలకోసారి జమాఖర్చు నోటీసు బోర్డు మీద పెట్టండి. కొత్తవారు అక్కడ ఎంతసేపు నిలబడి చదువుతారో గమనించండి.

గృహకూడికలు నడిపే సంఘాలు ఎక్కువే, నడిచే కూడికలు తక్కువ. ఎనిమిది పది కుటుంబాలకు మించితే ఒక ఇంట్లో పట్టరు, సగం మంది నోరు విప్పరు. బంధువర్గాల్ని బట్టి కాకుండా కాలనీల్ని బట్టి, బస్టాపుల్ని బట్టి విడదీయండి; అప్పుడే కులం గీత కూడా కొంత చెరుగుతుంది. గంటలో ముగించాలి. పాటలకు పది నిమిషాలు, వాక్యానికి ఇరవై, మిగతా అరగంట ఒకరి మాట ఒకరు విని ప్రార్థన చేయడానికి. నడిపే మనిషే గంటా మాట్లాడితే అది ఇంకో ప్రసంగం. ఈ కూడికల్ని ఎక్కువగా చంపేది తిండి. ఒక ఇంట్లో టీ బిస్కెట్లు, వచ్చే వారం ఇంకో ఇంట్లో సమోసా, ఆ తర్వాత బిర్యానీ. మూడో వారానికల్లా అద్దె గదిలో ఉండే కుటుంబం "మా ఇంట్లో కుదరదండీ" అంటుంది, ఆ తర్వాత రావడం మానేస్తుంది. టీ, ఒక్క తినుబండారం, అంతకు మించి ఎవరింట్లోనూ పెట్టకూడదని కూడికలో అందరూ ఒప్పుకుని, గొప్పింటివారే మొదట పాటించాలి. ఒక్క గది ఇంట్లో చాప పరిచి జరిగిన కూడికకు మనుషులు ఎక్కువ దగ్గరగా కూర్చుంటారు.

ఇప్పుడు పని గురించి. రెండో నెల తిరిగేసరికి ప్రతి కొత్త మనిషి చేతిలో ఒక చిన్న పని ఉండాలి. దానికి గడువు ఉండాలి, పక్కన ఒక తోడు ఉండాలి. మూడు నెలలయ్యాక "ఇదే చేస్తారా, ఇంకోటి చూద్దామా, కొంచెం విశ్రాంతి తీసుకుంటారా?" అని అడగాలి. గడువు లేని పని అంటే జనం భయపడతారు, అది న్యాయమే. దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. కీబోర్డు వాయించే అబ్బాయి దొరికాడని మొదటి వారమే ఆదివారం ఆరాధన, శనివారం ప్రాక్టీసు, యూత్ కూడిక, పెళ్ళిళ్ళు అన్నీ అతని మీద వేస్తాం. మూడు నెలల్లో ఆ కుర్రాడు అలసిపోతాడు. తనను చూసి పిలిచారో కీబోర్డును చూసి పిలిచారో అతనికి తెలియదు.

వాక్యపఠనం మంచి మొదటి పని. భాగం బుధవారానికల్లా ఇవ్వాలి, గుమ్మంలో చేతిలో పెట్టకూడదు. మన బైబిలు గ్రాంథిక భాష, పైగా నెబుకద్నెజరు, మెఫీబోషెతు లాంటి పేర్లు. పైకి రెండుసార్లు చదువుకోకపోతే ఎవరికైనా నాలుక తిరగదు. శనివారం సాయంత్రం ఒకసారి మైకు ముందు చదివించండి. ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్ళలో చదువు రానివారుంటారు, వాళ్ళకు పనేమిస్తాం అంటారు కొందరు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో పురుషోత్తమ చౌదరి గారి పాటలు వాళ్ళకు చరణం తప్పకుండా వచ్చు, పుస్తకంలో పైన రాసి ఉన్న రాగం తాళం మన గాయక బృందం వదిలేస్తే వాళ్ళు పట్టుకుంటారు. ఉపవాస ప్రార్థన రోజున ఒక కీర్తన వాళ్ళ చేత ఎత్తించండి, పిల్లలకు నేర్పించమనండి.

రెండు పనులు మాత్రం ఆరు నెలలు ఆగాకే ఇవ్వాలి: పిల్లలు, డబ్బు. సండే స్కూలుకు పదిమంది పిల్లలకు ఒక టీచరు చొప్పున కావాలి, మే నెలలో వీబీఎస్ (సెలవుల్లో పిల్లలకు నడిపే బైబిలు బడి) పెట్టినప్పుడు ఇంకా కావాలి. ఎంత కరువున్నా ఏ గదిలోనూ ఒక్క పెద్ద మనిషే పిల్లలతో ఉండకూడదు. ఎప్పుడూ ఇద్దరు, తలుపు తెరిచి. ఇది పాతవారికీ వర్తించాలి. పిల్లల మీద లైంగిక నేరం ఏదైనా బయటపడితే సంఘంలో సర్దుకోవడం కుదరదు, 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. కానుకలు లెక్కపెట్టేది చుట్టరికం లేని ఇద్దరై ఉండాలి. ఆరాధన కాగానే అక్కడే లెక్కించి, పుస్తకంలో రాసి, ఇద్దరూ సంతకం పెట్టి, సోమవారం బ్యాంకులో వేయాలి. ఆ ఇద్దరిలో ఒకరు ఆరు నెలలు దాటిన కొత్తవారైతే, సంఘం దేన్నీ దాచడం లేదన్న నమ్మకం వాళ్ళ ద్వారా నలుగురికీ వెళ్తుంది.

ప్రేమవిందులో కొత్తవారిని విస్తరి ముందు కాకుండా వడ్డన వైపు నిలబెట్టండి. గరిటె పట్టుకున్న మనిషి గంటలో వందమంది ముఖాలు చూస్తాడు. వందమందికి బియ్యం 12 కిలోలు, కందిపప్పు 3 కిలోలు, చికెన్ 15 కిలోలు, పెరుగు 8 లీటర్లు అనుకుంటే సరిపోతుంది. అయినా కూర తక్కువ పడేది కొలత తప్పి కాదు. కమిటీ కుటుంబాలు మొదటి పంక్తిలో కూర్చోవడం వల్ల. పెద్దలు చివరి పంక్తిలో తినాలని నియమం పెట్టండి, కూర దానంతటదే సరిపోతుంది. ఏ మాంసం వండుతున్నారో ముందు ఆదివారమే చెప్పండి, పప్పు గిన్నె వేరుగా ఉంచండి.

కోత పండుగ వేలంలో ఒక గుమ్మడికాయకు ఇద్దరు పంతం పట్టి పాట పెంచుతుంటే ఊళ్ళో అది సరదా. పట్నంలో కొబ్బరికాయ తెచ్చిన విద్యార్థికి అది భయం. చిన్న వస్తువుల్ని వేలం వేయకుండా ఒక బల్ల మీద పెట్టి, పక్కన హుండీ ఉంచి ఎవరికి తోచింది వారు వేసి తీసుకునేలా చేయండి. కేరల్స్‌కు పాత లిస్టు వాడకండి. డిసెంబరు 1న కొత్తది రాయించండి, "చేరబోతున్నవారు" పేజీ నుంచి మొదలుపెట్టండి. మైకు రాత్రి పదింటికి ఆగాలి, 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు అదే చెబుతున్నాయి. కాబట్టి దూరపు కాలనీలు ముందు, మందిరం పక్క ఇళ్ళు చివర. చివరికి మిగిలిపోయేవి ఎప్పుడూ కొత్తవారి ఇళ్ళే అవుతున్నాయంటే, దారి గీసేటప్పుడే తప్పు జరిగిందన్నమాట.

చావు ఇంటికి వచ్చినప్పుడు సంఘం ఉందో లేదో తెలిసిపోతుంది. పట్నంలో చుట్టాలు లేని కుటుంబానికి రాత్రి రెండింటికి ఎవరికి ఫోను చేయాలో తెలియాలి. మూడు నంబర్లు (గురువుగారిది, ఒక కమిటీ సభ్యుడిది, స్త్రీల మైత్రిలో ఒకరిది) ప్రతి ఇంటికీ ముందే ఇచ్చి ఉంచండి. ఫోను రాగానే ఒకరు ఆ ఇంటికి వెళ్ళాలి, ఇంకొకరు ఫ్రీజర్ బాక్సు, పెట్టె, టెంటు, కుర్చీలు చూడాలి. ఇంట్లో చనిపోతే చూసిన డాక్టరు ఇచ్చే మరణ కారణం కాగితం తెల్లవారేలోగా సంపాదించాలి, అది లేకపోతే తర్వాత సర్టిఫికెట్ దగ్గర ఇబ్బంది పడతారు. మరణ నమోదుకు గడువు 21 రోజులు. దుఃఖంలో ఉన్నవాళ్ళకు అది గుర్తుండదు, కాబట్టి ఆ కాగితం పని సంఘం తరఫున ఒకరు భుజాన వేసుకోవాలి. సమాధుల తోటలో స్థలం ఇరుకైపోయిన మాట నిజమే. అయినా "మీరు సభ్యులు కాదు కదా" అన్న మాట ఆ రాత్రి ఎవరి నోటా రాకూడదు. ఏడాదిగా ఆరాధనకు వస్తున్నవారికి ఏమి వర్తిస్తుందో కమిటీ ఇప్పుడే, ఎవరూ చనిపోనప్పుడే, తీర్మానం చేసి పెట్టుకోవాలి.

చాలామంది భౌతికకాయాన్ని సొంత ఊరికి తీసుకెళ్తారు. అంబులెన్సు మాట్లాడి పంపేస్తే అయిపోదు. సంఘం నుంచి ఇద్దరు వెంట వెళ్ళాలి, ఊరి గురువుగారికి బయల్దేరేముందే ఫోను చేయాలి, భూస్థాపన అయ్యేవరకూ ఉండి రావాలి. ఆ కుటుంబం తిరిగి వచ్చిన వారంలో మళ్ళీ వాళ్ళ ఇంటికి వెళ్ళండి. జ్ఞాపకార్థ కూడిక రోజున అందరూ వెళ్తారు. ఆ తర్వాత నెలలో ఎవరూ వెళ్ళరు.

మీ వచ్చే కమిటీ సమావేశంలో ఒక పని చేయమని అడుగుతున్నాం. గత పన్నెండు నెలల్లో కొత్తగా వచ్చినవారందరి పేర్లు ఒక కాగితం మీద రాయండి. ప్రతి పేరు ఎదుటా రెండు గడులు గీయండి: ఈయన రాకపోతే ఫోను చేసేదెవరు, ఈయన చేతిలో ఉన్న పని ఏది. ఖాళీగా ఉన్న గడులు లెక్కపెట్టి, ఈ ఆదివారం నుంచే నింపడం మొదలుపెట్టండి. ఆ లిస్టు మొదటిసారి రాయడానికి ఒక సాయంత్రం చాలదు, రెండు పెట్టుకోండి. స్త్రీల మైత్రి కార్యదర్శిని తప్పక పిలవండి. ఎవరు ఏ వీధిలో ఉంటున్నారో, ఎవరింట్లో ఎవరికి ఒంట్లో బాగాలేదో ఆమెకే తెలుసు.

ప్రభువునందు,
గుమ్మం దగ్గరా, రిజిస్టర్ దగ్గరా, వంటపొయ్యి దగ్గరా పనిచేస్తున్న కొందరం